తెర మీద లేని అమ్మ

పోయిన వారం తులసిని కోయంబత్తూరు పీళమేడు ఆఫీసులో, కంప్యూటర్ ముందు, మీట మీద వేలు పెట్టి నొక్కాలా వద్దా అని తల్లడిల్లుతుండగా వదిలిపెట్టి వచ్చాం. నొక్కేసింది. ఒక్కో పెట్టె పేర్చుకుంటూ ఎంతో ముచ్చటగా కట్టుకున్న తన సొంత వెబ్‌సైట్‌లో కన్నతల్లి ఫోటోను కనబడకుండా చేసేసింది. పేజీని మళ్లీ తెరిచి, ఫోటో లేదని ఖాయం చేసుకుని, లోపలికి వెళ్లి ముఖం కడుక్కుంది. అద్దంలోకి మాత్రం చూసుకోలేదు.

ఎందుకంత పని చేసిందో కొత్తగా చదివేవాళ్లకు నాలుగు మాటల్లో చెప్పాలి.

తులసి వాళ్లది కోయంబత్తూరు చివర ఒక కాలనీ. పేరు చెబితే చాలు, అక్కడుండే వాళ్లెవరో, తరతరాలుగా ఏ పనిలో ఉన్నారో ఊళ్లో ఎవరికైనా తెలిసిపోయే కాలనీ. తండ్రి లేడు. తల్లి రామాయి కార్పొరేషన్ కోటు వేసుకుని వీధులు ఊడుస్తుంది. కూతురు డిగ్రీ చేసింది, గాంధీపురంలో వెబ్ డిజైన్ నేర్చుకుంది, శ్రీమతి అనే మేడం దగ్గర శిక్షణకు చేరింది. శ్రీమతి పెద్ద మిల్లు కుటుంబం కోడలు. ఇంటి కింది వాటాలో వెబ్‌సైట్లు తయారుచేసే ఆఫీసు నడుపుతోంది.

చేరిన మొదటిరోజే తులసి వసారాలో నిలబడి తల్లితో ఫోన్‌లో మాట్లాడుతుంటే, మేడం అత్తగారు వెంకటమ్మాళ్ మేడ మెట్లు దిగుతూ విన్నది. "అయ్యో, తెలుగు మాట్లాడతాదే ఈ పిల్ల! మనవాళ్లేనా అమ్మిణీ?" అని దగ్గరికొచ్చి గడ్డం పుచ్చుకుంది.

ఆ ఊళ్లో తెలుగు ఇంటిభాషగా ఉన్నవాళ్లంతా ఒక్కటి కాదు. భూములు, మిల్లులు ఉన్న నాయుళ్ల ఇళ్లలో తెలుగే. ఆ భూముల్లో వంగి పనిచేసి, తర్వాత పట్నం వీధుల్లో చీపురు పట్టినవాళ్ల గుడిసెల్లోనూ తెలుగే. తెలుగు చదవడం రాయడం ఇటూ రాదు, అటూ రాదు. బిడ్డను జోకొట్టేది మాత్రం రెండుచోట్లా ఆ మాటలతోనే. ముసలావిడకు మొదటివాళ్ల సంగతే గుర్తొచ్చింది. రెండోవాళ్ల సంగతి తోచనే లేదు.

తులసి అవుననలేదు. కాదనీ అనలేదు. నవ్వి ఊరుకుంది. ఆ నవ్వును పట్టుకుని వెంకటమ్మాళ్ చాలా దూరం పోయింది. మధ్యాహ్నం మేడ మీదికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టింది. "అవ్వా అని పిలువు" అంది. ఈమధ్య ఒకరోజైతే, తన అన్న మనవడు విగ్నేశ్ బెంగళూరులో ఉన్నాడని, ఒకసారి మీ అమ్మను పిలుచుకొని రమ్మని, పెళ్లి సంగతి మాట్లాడల్ల అని కూడా అంది. ఆ రాత్రి నుంచి తులసికి అన్నం సయించలేదు.

సరిగ్గా అప్పుడే వెబ్‌సైట్ పని వచ్చింది. శ్రీమతి దగ్గర పనిచేసే ప్రతి డిజైనర్‌కూ సొంత పేజీ ఉండాలి. పని ఇచ్చేవాళ్లు ఆ పేజీలు చూసి తమకెవరు కావాలో చెబుతారు. పొల్లాచ్చి నుంచి కొబ్బరిపీచు ఎగుమతి చేసే ఉదయకుమార్ అనే ఆయన ఈరోజు మధ్యాహ్నం వస్తున్నాడు. ఆయన తులసిని ఎంచుకుంటే తులసికి ఉద్యోగం ఖాయం.

పేజీలో 'నా గురించి' అన్నచోట తులసి ముందు తల్లి ఫోటోనే పెట్టింది. తెల్లవారకముందే వీధిలో చెత్తబండి పిడి పట్టుకుని, మెరిసే పట్టీల కోటులో, దేనికో విరగబడి నవ్వుతున్న రామాయి. కింద ఇంగ్లీషులో ఒక్క వాక్యం: 'మా అమ్మ రామాయి, ఈ ఊరి వీధులు ఊడ్చి నన్ను చదివించింది.' అది రాసుకున్న పూట ఎంతో గర్వపడింది. తల్లి ఫోన్‌కు లింకు కూడా పంపింది. పొద్దున బస్సులో కూర్చున్నాక ఆ గర్వం కాస్తా నీరుగారిపోయింది. మేడం చూస్తుంది. మేడం భుజం మీంచి అవ్వ చూస్తుంది. బస్సు దిగి ఆఫీసులోకి రాగానే చేసిన మొదటి పని, ఆ ఫోటోను దాచేయడం.

ఇక ఇప్పుడు జరుగుతున్నదానికి వద్దాం.

శ్రీమతి కుర్చీ లాక్కుని తులసి పక్కన కూర్చుంది. ఒకప్పుడు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి. తప్పు పట్టడంలో గట్టిది, మెచ్చుకోవడంలో కూడా పిసినారి కాదు. పేజీని పైనుంచి మెల్లగా కిందికి జరిపింది.

"పైపట్టీ బాగా వచ్చినాది. పేరు ఈ పక్క, లింకులు ఆ పక్క, నడుమ జాగా దానంతట అదే సర్దుకొంటా ఉండాది. ఫ్లెక్స్ పెట్టినావు కదూ?"

"అవును మేడం."

"నీ పనులు చూపించే కార్డులకు గ్రిడ్." శ్రీమతి తెర మీద పేజీ ఉన్న కిటికీని ఒక మూలనుంచి పట్టి నెమ్మదిగా ఇరుకు చేసింది. వరసకు మూడుగా ఉన్న కార్డులు రెండయ్యాయి. మళ్లీ వెడల్పు చేసింది. రెండు మూడయ్యాయి. "భేష్. కాలేజీలో నా దగ్గర చదివినోళ్లు ఇది చెయ్యడానికి ఏడ్చేవాళ్లు."

తులసి ఆ మాట కోసం ఎన్నాళ్లుగా కాచుకుని ఉందో ఆమెకే తెలుసు. కాని శ్రీమతి చేయి 'నా గురించి' దగ్గరికొచ్చి ఆగిపోయింది.

ఎడమ పక్క నాలుగు వాక్యాలు. కుడి పక్క ఏమీ లేదు. పేజీలో సగం జాగా బోసిగా ఉంది.

"ఈ పక్క ఏంటికి ఇట్లా వదిలినావు?"

"వైట్ స్పేస్ మేడం. కావాలనే వదిలినా."

"వైట్ స్పేస్ అంటే చూసేవాళ్ల కంటికి ఊపిరాడల్ల. ఇది అట్లా లేదు." శ్రీమతి తల పక్కకు వంచి చూసింది. "ఎవరో కూర్చొని లేచిపోయిన మాదిరి ఉండాది."

తులసి ఫోటోను దాచిందే గాని, ఫోటో కోసం కోసి పెట్టిన నిలువు వరసను తీసెయ్యడం మరిచిపోయింది. మరిచిపోయిందో, తీసెయ్యడానికి చేతులు రాలేదో, ఆమెనే అడిగినా చెప్పలేకపోయేది.

"సరి చేస్తా మేడం. ఒక్క నిమిషం ఇవ్వండి."

అప్పుడే ముందు వసారాలోంచి వెంకటమ్మాళ్ గొంతు వినబడింది. చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చున్న మనిషి ఎవరినో తమిళంలో గదమాయిస్తోంది. చెత్తకుప్ప వెనక గేటు దగ్గర ఉంది, అటు పో, ముందు గేటు ఎందుకు తీశావు అని.

దానికి జవాబు తెలుగులో వచ్చింది, తమిళ మర్యాద 'ఉంగ' మాత్రం తోకన తగిలించుకుని.

"కుప్పకు రాలేదుంగమ్మా. తులసి ఉండాదా అని వచ్చినా. నేను తులసి అమ్మను."

తులసి కుర్చీలోనే ఉండిపోయింది. లేవాలి. బయట ముసలావిడ చేతిలో చిక్కుడుకాయ తుంచుతున్న చప్పుడు కూడా ఆగిపోయింది.

"ఏమంటివి?"

"తులసి అమ్మనుంగమ్మా. ఈడ కంప్యూటర్ పని చేస్తా ఉండాదే, ఆ పిల్ల."

శ్రీమతి తులసి వైపు తిరిగింది. "మీ అమ్మా?"

"అవును మేడం," అని లేచింది తులసి. లేవడానికి పట్టిన ఆ కొంచెంసేపు తర్వాత చాలా రోజులు ఆమెను పొడుస్తూనే ఉంది.

శ్రీమతే ముందు వెళ్లి రామాయిని లోపలికి పిలుచుకొచ్చింది. రామాయి చెప్పులు మెట్ల కింద విడిచి, గడప లోపలికి ఒక అడుగు వేసి అక్కడే నిలబడింది. ఒంటిమీద కోటు అలాగే ఉంది. పని దిగి నేరుగా వచ్చినట్టుంది, జుట్టుకు దుమ్ము. కుర్చీ చూపిస్తే "పర్వాలేదుంగ, నిలబడతా" అంది. ముఖం మాత్రం పెళ్లికి వచ్చినట్టు వెలిగిపోతోంది.

"కోపం చేసుకోవద్దు పాపా, చెప్పకుండా వచ్చినా," అంది కూతురితో. "నువ్వు పంపించింది నాకు తెరవడం రాలేదు. ఇప్పుడు టీ అంగడి కాడ, నాతో ఊడ్చే పొన్ను తెరిచి చూపించినాది. అందరూ చూసినారు. సూపర్‌వైజర్ కూడా చూసినాడు. 'ఏమి రామాయీ, ఇంటర్నెట్‌లోకి ఎక్కినావే' అన్నాడు. నాకు నిలవలేదు. బస్సెక్కి వచ్చేసినా. మీ మేడంకు ఒక మాట చెప్పి పోతా." శ్రీమతి వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. "నా బిడ్డకు ఇంత పని నేర్పించినారు. బాగుండల్లంగ మీరు."

శ్రీమతి ఇబ్బందిగా నవ్వింది. "మీ అమ్మాయి తెలివి అది. నాదేముంది? ఇంటర్నెట్‌లోకి ఎక్కినారంటే?"

"నా ఫోటో పెట్టినాది కదా." రామాయి కోటు జేబులోంచి ఫోన్ తీసి ముందుకు చాపింది. "చూడండి."

శ్రీమతి ఫోన్ అందుకుంది. చూసింది. తర్వాత ఫోన్ బల్ల మీద పెట్టి, కంప్యూటర్‌లో పేజీని పైకి జరిపింది, కిందికి జరిపింది.

రామాయి కుతూహలం ఆపుకోలేక రెండడుగులు ముందుకొచ్చి వంగి తెర వైపు చూసింది. అక్షరాలు తెలియకపోయినా తన ముఖం తనకు తెలుసు. తెరంతా వెతికింది. బల్ల మీద ఫోన్‌లో ఇంకా నవ్వుతూనే ఉన్న తనను చూసింది. మళ్లీ తెర.

"ఇందులో నేను యాడ ఉండాను?" అంది.

శ్రీమతి ఒక మీట నొక్కింది. తెర రెండుగా చీలి, పక్కన పేజీ వెనకాల రాసిన మాటలన్నీ వరసగా కనబడ్డాయి. వాటిలో రామాయి పేరుంది. ఫోటో ఉంది. దాన్ని కనబడనివ్వొద్దని రాసిన చిన్న మాటా ఉంది. శ్రీమతి వేలు దాని మీద ఆగింది. ఆమెకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఫోన్ల కోసం విడిగా రాసిన భాగంలో, పెట్టెలన్నీ ఒకదాని కింద ఒకటి కనబడాలని తులసి ఎప్పుడో రాసి ఉంది. దాచమన్న మాట దాని ముందు చెల్లలేదు. వెడల్పు తెర మీద అమ్మ లేదు. ఫోన్‌లో ఉంది. పొద్దున తొందరలో తులసి ఫోన్‌లో చూసుకోనేలేదు.

శ్రీమతి తులసి ముఖంలోకి చూసింది.

"ఏమయినాది మేడం?" రామాయి గొంతులో కంగారు. "మిషన్‌లో తప్పా? పాపా, ఏమన్నా తప్పు అయిపోయినాదా? నేను వచ్చి చెప్పినదే మేలాయె. సరి చేసుకో."

ఎంత సులువైన దారి! తల్లే తీసి చేతిలో పెట్టింది. అవునమ్మా, మిషన్ తప్పే, ఇప్పుడే సరి చేస్తానంటే అయిపోయేది. శ్రీమతి కూడా నోరు విప్పేది కాదు. ఆమె చూపులోనే ఆ సంగతి తెలుస్తోంది. రామాయి అదే నవ్వుతో బస్సెక్కి పోయేది. తులసి నాలుక చివరి దాకా వచ్చిందా మాట. కాని తల్లి ఆ కోటులో, చెప్పుల్లేని కాళ్లతో, చల్లటి గచ్చు మీద నిలబడి, తప్పు ఎక్కడైనా ఉండొచ్చుగాని తన కూతురిలో ఉండదన్నంత నమ్మకంగా చూస్తోంది. ఆ చూపు ముందు అబద్ధం ఆడలేకపోయింది.

"మిషన్ తప్పు కాదమ్మా," అంది. "నేనే దాచినా."

రామాయికి వెంటనే అందలేదు. "ఏమి దాచినావు?"

"నిన్నే. నీ ఫోటోను. మేడం వాళ్లు చూస్తారని పొద్దున దాచేసినా. ఫోన్‌లో కూడా దాచిపెట్టినా అనుకొంటిని."

రామాయి ముఖంలోని వెలుగు ఒక్కసారిగా పోలేదు. మెల్లగా, ఎక్కడికి పోవాలో తెలియనట్టు పోయింది.

"దాచేదానికి కూడా ఒక మాట ఉండాదా అందులో?" అని అడిగింది చివరికి.

"ఉంది."

"ఎట్లా రాస్తారు?"

"అమ్మా..."

"చెప్పు. నాకు తెలియద్దా?"

"డిస్‌ప్లే నన్ అని రాస్తారు."

"డిస్‌ప్లే నన్." రామాయి కొత్త మందు పేరు పలికినట్టు జాగ్రత్తగా పలికింది. "అంటే?"

"మనిషి... ఉంటుంది. పేజీలో ఉంటుంది. కనబడదు."

"ఆ." రామాయి తలూపింది. "అది నాకు తెలిసిందే కదా పాపా. ఈ కోటు తగిలించుకొని రోడ్డులో నిలబడితే అంతే. పక్కనే కారు ఆపి, కిటికీలోంచి నా కాళ్ల మీదనే అరటిపండు తొక్క వేసి పోతారు. నేనుండేది వాళ్లకు కనబడదు. వాళ్లు పరాయివాళ్లు." కూతురి వైపు తిరిగింది. "నువ్వు కూడా నేర్చుకొంటివని తెలియకపాయ."

తులసి ఏడవలేదు. ఏడిస్తే తల్లి వచ్చి ఓదారుస్తుంది. ఆ ఓదార్పు తీసుకునే యోగ్యత తనకు లేదనిపించి, పళ్లు బిగబట్టి నిలబడింది.

వెంకటమ్మాళ్ ఎప్పుడు లేచి వచ్చిందో, గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. చూపు తులసి మీద ఉంది గాని, ఆ చూపులో నిన్నటి అవ్వ లేదు.

"మన పిల్ల అనుకొంటినే," అంది. "పక్కన కూర్చోబెట్టుకొని పెట్టినానే!"

"నేను చెప్పలేదవ్వా, మీ పిల్లనని."

"కాదని కూడా చెప్పలేదు!"

"చెప్పలేదు. తప్పే." తులసి ముసలావిడ కళ్లలోకి నేరుగా చూసింది. ఇన్నాళ్లలో మొదటిసారి. "చెప్పింటే పక్కన కూర్చోబెట్టుకొనింటారా?"

వెంకటమ్మాళ్ చీర కొంగు భుజం మీద సర్దుకుంది.

"అత్తా, చాలు," అని శ్రీమతి అడ్డుపడింది. చేతిగడియారం చూసుకుంది. "ఉదయకుమార్ వచ్చే వేళ అయింది. తులసీ, విను. నువ్వు ఎవరి కూతురివైనా నాకొకటే. నిజంగా చెప్తున్నా. కాని ఇది పని చూపించుకొనే పేజీ. క్లయింటుకు మీ ఇంటి సంగతి ఎందుకు? ఆ ఫోటో వరసే తీసెయ్. అక్షరాలు ఈ చివర నుంచి ఆ చివరకు పోనీ. ఖాళీ కూడా ఉండదు, గొడవా ఉండదు. ఎవరి పేజీ అయినా నేను ఇదే చెప్తా."

మాట మెత్తగానే ఉంది. మంచి కోరే చెప్పింది. అందుకే తులసికి దానికి ఎలా ఎదురు చెప్పాలో వెంటనే తోచలేదు. కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆ వరసను తీసెయ్యడానికి మౌస్ గుర్తును అక్కడికి తీసుకుపోయింది కూడా.

తల వంచుకునే అడిగింది. "మీ పేజీలో మిల్లు ఫోటో ఉంది కదా మేడం. మొదట్లోనే. తాతగారు మిల్లు ముందర నిలబడి ఉండేది."

శ్రీమతి అవునన్నట్టు తలూపింది.

"అది కూడా ఇంటి సంగతే కదా," అంది తులసి.

శ్రీమతి బుగ్గలు ఎర్రబడ్డాయి. కోపమో, సిగ్గో, తులసి తలెత్తి చూడలేదు. కనబడనివ్వొద్దన్న ఆ ఒక్క మాటను చెరిపేసింది. పేజీని ఇంటర్నెట్‌లోకి ఎక్కించి మళ్లీ తెరిచింది.

ఖాళీలోకి రామాయి వచ్చింది. అయితే సరిగ్గా రాలేదు. ఫోటో మరీ పెద్దది కావడంతో గీతలు దాటి బయటికి తన్నుకొచ్చి, పక్కనున్న అక్షరాల మీద పడింది. చెత్తబండి సగం తెగిపోయింది. తులసి ఒక మాట తప్పు కొట్టి, చెరిపి, మళ్లీ కొట్టింది. ఫోటో తన వరసకు మించి పోకూడదని రాసింది. తల తెగకూడదని రాసింది. అక్షరాలను ఫోటో నడుముకు సరిగ్గా జరిపింది. మళ్లీ తెరిచింది. ఈసారి రామాయి కుడిపక్క నిండుగా, నిటారుగా నిలబడి నవ్వుతోంది. కిటికీని ఇరుకు చేసి చూసింది. ఉంది. వెడల్పు చేసింది. ఉంది.

రామాయి అదంతా వెనక నుంచి చూస్తూనే ఉంది. సంతోషించినట్టు మాత్రం లేదు.

"దీనివల్ల నీ పని పోతాదా?"

"తెలియదమ్మా."

"తెలియకపోతే ఏంటికి పెడతావు? నేను అడిగినానా?" రామాయి గొంతు హెచ్చింది. "ఇప్పుడు నేను వచ్చి నిలబడినానని పెడితివి. రేపు నాకు తెలియకుండా మళ్లీ తీస్తే? ఒకసారైతే తట్టుకొంటా. ఇంకోసారి నా చేత కాదు పాపా. పెట్టేదుంటే నీ ఇష్టంతో పెట్టు. లేకుంటే ఇప్పుడే తీసెయ్, నా ఎదురుగా తీసెయ్. కోపం చేసుకోను."

తులసి కంప్యూటర్ మీద నుంచి చేతులు తీసేసి ఒళ్లో పెట్టుకుంది. "తియ్యను," అంది.

రామాయి చాలాసేపు కూతురి వీపు వైపు చూసింది. క్షమించిందో లేదో చెప్పలేం. వెళ్లడానికన్నట్టు బల్ల మీద ఫోన్ కోసం చెయ్యి చాపింది.

ఫోన్ అక్కడ లేదు. ఎప్పుడు లోపలికి వచ్చి తీసుకుందో, వెంకటమ్మాళ్ చేతిలో ఉంది.

ముసలావిడ కళ్లద్దాలు పెట్టుకుని, ఫోన్‌ను వెలుతురు వైపు తిప్పి, రెండు వేళ్లతో ఫోటోను పెద్దది చేస్తోంది. చెత్తబండి పోయింది, కోటు పోయింది, తెరంతా రామాయి నవ్వే మిగిలింది. దాన్ని చూస్తున్నకొద్దీ వెంకటమ్మాళ్ ముఖం మారిపోతోంది. ఇందాకటి కోపం ఆ ముఖంలో లేదు. తులసి ఎప్పుడూ చూడనిదేదో వచ్చింది. భయం లాంటిది.

"నీ పుట్టిల్లు యాడ?" అని అడిగింది రామాయిని. ఫోటో మీద నుంచి కళ్లు తియ్యకుండానే.

రామాయి కొంచెం తటపటాయించింది. "అన్నూరు పక్కనంగమ్మా."

"మీ నాయన పేరు?"

"దొరసామి."

శ్రీమతి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అత్తా, మీకు తెలుసా వీళ్లు? అన్నూరులో మన తోట దగ్గరోళ్లా?"

వెంకటమ్మాళ్ కోడలి మాట విననట్టే, కళ్లద్దాలు తీసి రామాయిని నేరుగా చూసింది. "నన్ను నువ్వు గుర్తుపట్టలేదా?"

"గేటు కాడనే పట్టినాంగమ్మా."

"మరి చెప్పలేదే?"

"మీరు వెనక గేటుకు పొమ్మంటిరి," అంది రామాయి. ఎత్తిపొడుపు లేకుండా, జరిగింది జరిగినట్టు చెప్పింది.

వెంకటమ్మాళ్ రామాయి వైపు రెండడుగులు వేసింది. పడిపోతుందేమోనని శ్రీమతి చెయ్యి అందించబోతే పక్కకు నెట్టేసింది. బయట వీధిలో కారు వచ్చి ఆగిన చప్పుడయింది. గేటు దగ్గర ఎవరో హారన్ కొట్టారు. పొల్లాచ్చి నుంచి ఉదయకుమార్ వచ్చేశాడు. ఆఫీసులో ఉన్న నలుగురిలో ఒక్కరూ అటు చూడలేదు.

"శరవణ ఎట్లుండాడు?" అంది వెంకటమ్మాళ్. "ఉండాడా అసలు? అది చెప్పు చాలు."

ఇంతసేపూ కుర్చీ చూపినా కూర్చోని రామాయి, కూతురు తనను దాచిందని విన్నప్పుడు కూడా నిటారుగా నిలబడిన రామాయి, చేత్తో గోడను తడుముకుంటూ గచ్చు మీద కూలబడింది.

"అమ్మా!" తులసి ఒక్క ఉదుటున వెళ్లి తల్లి భుజాలు పట్టుకుంది. "ఏమయింది? శరవణ ఎవరు?"

రామాయి జవాబు చెప్పలేదు. కూతురి చేతులు విడిపించుకుని, వెంకటమ్మాళ్ వైపు చూస్తూ, వద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపింది. బతిమాలుతున్నట్టు ఊపింది.

వెంకటమ్మాళ్ తులసి ముఖంలోకి చూసింది. ఆ నుదురు, ఆ కళ్లు, ఆ గడ్డం, ఒక్కొక్కటీ ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు, వాటిలో ఎవరి పోలికో వెతుకుతున్నట్టు చూసింది. తర్వాత ఆ ఇంట్లో ఎవరూ కలలో కూడా అనుకోని పని చేసింది. మోకాళ్లు పట్టుకుంటూ నెమ్మదిగా వంగి, దుమ్ముకొట్టుకున్న ఆ కోటు పక్కనే గచ్చు మీద కూర్చుంది.

"ఇన్నేళ్లయినా," అంది రామాయితో, "ఈ బిడ్డకు శరవణ సంగతి నువ్వు చెప్పనే లేదా?"